అసలు సైజు

నారాయణఖేడ్‌లో నాకొక చెడ్డ పేరు ఉండేది. బస్ డిపో ఎదురు వరుసలో మూడో దుకాణం నాది. జిరాక్సులు, ఫోటో ప్రింట్లు, ఫోన్లలో పాటలు ఎక్కించడం, ఇవీ నా పనులు. పని బాగానే చేస్తాడు గానీ మనిషి కసురుబోతు, ఒక్క ఫోటో ప్రింటు కావాలన్నా ముందు నాలుగు మాటలు పడాలి అని జనం చెప్పుకునేవాళ్లు.

వాళ్లు అన్నదాంట్లో అబద్ధం లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూపించి దీన్ని గోడకు పెట్టుకునేంత పెద్దది చెయ్యమంటే నా నోరు ఊరుకునేది కాదు. ఇది ఫోటో కాదు, ఫోటో మీది పొట్టు అనేవాణ్ణి. ఏ ఫోన్‌తో తీశారో ఆ ఫోన్ పట్టుకురమ్మని వెనక్కి పంపేవాణ్ణి. కంగ్టి నుంచి ఆటోలో వచ్చినవాళ్లను కూడా పంపేవాణ్ణి. పాపం, వాళ్లు గొణుక్కుంటూ పోయేవాళ్లు. ఆ కోపం వాళ్ల మీదిది కాదని నాకు తెలుసు, ఎదురు దుకాణం భాయికి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఇది తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు మొదలైంది. అప్పటికి ఖేడ్‌లో తెర మీద వేలు పెట్టి జరిపే ఫోన్లు ఇంకా పెద్దగా రాలేదు. అందరివీ బటన్ల ఫోన్లే. కెమెరా ఉండేది, గట్టిగా మోగే స్పీకర్ ఉండేది, లోపల వేలి గోరంత మెమరీ కార్డు ఉండేది. దసరా దాటిందంటే చుట్టుపక్కల ఊళ్లు, తండాలు సగం ఖాళీ అయ్యేవి. జనం చెరుకు కొట్టడానికి పోయేవాళ్లు. కొందరు జహీరాబాద్ దిక్కు, కొందరు కర్ణాటక, కొందరు మహారాష్ట్ర. ఉగాది దాకా అక్కడే, చెరుకు ఆకుల గుడిసెల్లోనే కాపురం. అక్కడ టీవీ ఉండదు, కరెంటు ఉండదు. అందుకని బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ ఫోన్ నిండా పాటలు నింపుకునేవాళ్లు. దసరా తర్వాత వారం రోజులు నా దుకాణం ముందు నిలబడ చోటుండేది కాదు.

కార్డు రెండు జీబీ. తీసుకొచ్చేటప్పటికే దాంట్లో సగం ఫోటోలు, వీడియోలు ఉండేవి. ఎదురు దుకాణం భాయి ఏం చేసేవాడంటే, కార్డు మొత్తం తుడిచి కొత్తగా పాటలు నింపేవాడు. ఫోటోలు పోతయి, ఇష్టమైతే ఇయ్యిర్రి, లేకుంటే లేదు అని ముందే మొహం మీద చెప్పేవాడు. జనం ఆలోచించి నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఎందుకంటే నా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: ఫోటోలు పోవు, పాటలు ఎక్కువ.

నేను కనిపెట్టిన ఉపాయం చిన్నది. ఆ ఫోన్ల తెర అరచేతిలో సగం ఉండేది. ఆ తెర మీద చూసుకోవడానికి ఫోటో ఎంత చిన్నదైనా చాలు. కార్డులోని ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి తీసుకునేవాణ్ణి. ఒకేసారి అన్నింటినీ కుదించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది, దానితో ఒక్కో ఫోటోను ఇరవయ్యో వంతుకు కుదించి తిరిగి కార్డులో పెట్టేవాణ్ణి. ఖాళీ అయిన చోట ఇంకో ముప్పై నలభై పాటలు పట్టేవి. ఫోన్‌లో తెరిచి చూస్తే అన్ని ఫోటోలూ ఉన్నట్టే ఉండేవి, రంగు కూడా మారేది కాదు. జనం సంతోషంగా పోయేవాళ్లు. చిన్నవి చేశానని నేను చెప్పేవాణ్ణి కాదు, ఎవరూ అడిగేవాళ్లూ కాదు. చెప్పకపోవడం తప్పని నాకు తట్టలేదు. పైగా నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడాది దసరా తర్వాత కంగ్టి దిక్కు ఊరి నుంచి ఒక జంట వచ్చింది. చెరుకు కొట్టే కత్తులు రెండు గోనెసంచిలో చుట్టి అతని భుజానికి ఉన్నాయి. మూడేళ్ల బిడ్డను తల్లిగారింట్లో వదిలి పోతున్నామని ఆమే చెప్పింది. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, కర్ణాటకలో. మాటకు ముందు నవ్వు. ఫోన్ అతనిదే అయినా ఏ పాటలు కావాలో ఆమే చెప్పింది. బతుకమ్మ పాటలన్నీ కావాలంది, పాత సినిమా పాటలు కావాలంది, కన్నడ పాటలు కూడా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయంటే ఆమె మొహం వెలిగిపోయింది.

"ఆడ గుడిసెల పొద్దు పోదన్నా. మస్తు నింపు. మల్లొచ్చేదాక సరిపోవాలె," అంది.

అతనికి మాత్రం ఫోటోల రంది. ఫోటోలు పోవు గదా అని రెండుసార్లు అడిగాడు. బోర్డు చదవలేదా అని నేను కసిరాను. అయిదో తరగతి దాకా చదివాడట, బోర్డు చదివే వచ్చాడట. అయినా ఫోన్ నా చేతికి ఇచ్చే ముందు ఒక ఫోటో తెరిచి చూపించాడు. బోరంచ నల్లపోచమ్మ జాతరలో మొక్కు చెల్లించిన రోజు తీసింది. తలస్నానం చేసి, తడి జుట్టు వదిలేసి, మొహం నిండా పసుపుతో ఆమె నేరుగా చూస్తూ నవ్వుతోంది. పెండ్లి ఫోటోల్లో తల వంచుకునే ఉన్నది, ఎందులోనూ మొహం కనపడదు, ఇదొక్కటే మంచిగ వచ్చింది అన్నాడు. ఆమె సిగ్గుపడి అతని చేతి మీద ఒక దెబ్బ వేసింది.

మంచిగుంది తమ్మీ అని నేను కార్డు తీసి పని మొదలుపెట్టాను. పావుగంటలో అయిపోయింది. అతను ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి చూసుకున్నాడు. ఉంది. ఆమె ఫోన్‌లో పాట పెట్టుకుని, చెవి దగ్గర పట్టుకుని, డిపో వైపు నడిచిపోయింది.

సంక్రాంతి దాటాక ఒకరోజు మధ్యాహ్నం అతను ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. దుకాణంలో ఇద్దరు ముగ్గురు ఉంటే వాళ్లు పోయేదాకా పక్కన నిలబడ్డాడు. నేను గుర్తుపట్టలేదు. పాటలా, జిరాక్సా అని అడిగాను. ఫోటో పెద్దగ చెయ్యాలె అన్నాడు. ఫోన్ తెరిచి చూపిస్తే గానీ నాకు గుర్తు రాలేదు. తడి జుట్టు, పసుపు, నవ్వు.

చెరుకు తోట దగ్గరే జరం వచ్చిందట. రెండు రోజులు గోలీలతో నెట్టుకొచ్చారట. మూడో రోజు బీదర్ దవాఖానకు తీసుకుపోయేటప్పటికే మనిషి మాట్లాడే స్థితిలో లేదట. నాలుగో రోజు పోయింది. ఇదంతా అతను గల్లా బల్ల వైపు చూస్తూ చెప్పాడు. రెండు రోజుల తర్వాత పదకొండో దినం. ఫ్రేము కట్టించి దండ వెయ్యాలి.

"బిడ్డకు మూడేండ్లు. రేపు పెద్దగయినంక అమ్మ ఎట్లుంటుండె అంటే ఏం చూపియ్యాలె? గిదొక్కటే ఉన్నది," అన్నాడు.

కార్డు కంప్యూటర్‌లో పెట్టి ఫోటో తెరిచాను. తెర మధ్యలో అగ్గిపెట్టెంత బొమ్మ వచ్చింది. పెద్దది చేశాను. మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. కళ్లున్న చోట నాలుగు నల్ల గళ్లు, నవ్వున్న చోట రెండు తెల్ల గళ్లు. ఆ ఫోటో ఎందుకలా ఉందో ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. దాన్ని అలా చేసింది నేను. నలభై పాటల కోసం.

అసలు ఫోటో నా కంప్యూటర్‌లోకి ఒకసారి వచ్చింది గదా, ఎక్కడో ఉండకపోతుందా అని ఆశపడ్డాను. నేను కుదించిన తర్వాత వాళ్లవీ వీళ్లవీ అసలు ఫోటోలను వారం వారం తుడిచేసేవాణ్ణి, చోటు కోసం. తుడిచిన వాటి మీద మూడు నెలల పాటు వేరేవాళ్ల పాటలు, వేరేవాళ్ల ఫోటోలు వచ్చి కూర్చున్నాయి. అతన్ని రేపు రమ్మని పంపించి, పోయిన ఫైళ్లను వెతికిచ్చే సాఫ్ట్‌వేర్లు రెండు తెచ్చి నడిపాను. దుకాణం సగం మూసి మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఎవరెవరి పెళ్లిళ్లో, ఎవరెవరి ఎడ్లో సగం సగం ముక్కలుగా బయటపడ్డాయి. ఆమె రాలేదు.

అతను వచ్చాడు. తెర మీద గళ్ల మొహం చూపించాను. పెద్దగా చేస్తే ఇట్లా అవుతున్నదని చెప్పాను. ఎందుకు అవుతున్నదో చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆలోపే అతను అడిగాడు.

"తీసేటప్పుడు నా చెయ్యి వణికిందా అన్నా?"

జాతరలో జనం తోస్తున్నారని, వెనక ఎవరో తగిలారని, తన చెయ్యి కదిలినట్టే ఉందని తనే చెప్పుకున్నాడు. నాకు దారి దొరికినట్టయింది.

"కావచ్చు," అన్నాను.

ఒక్క మాట. ఆ మాటను ఎన్నిసార్లు వెనక్కి తీసుకోబోయానో నాకే లెక్క లేదు. ఆ రోజు మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. గళ్లు కనపడకుండా ఫోటోను మెత్తగా చేసి, మసకగా చేసి, ప్రింటు తీశాను. పొగలోంచి చూసినట్టు వచ్చింది. ఆమెను ఎరిగినవాళ్లకు ఆమేనని తెలుస్తుంది, ఎరగనివాళ్లకు ఎవరో ఒక ఆడమనిషి. పెద్దయ్యాక బిడ్డ ఆ రెంటిలో ఎటువైపు చేరుతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. ప్రింటుకు, ఫ్రేముకు పైసలు తీసుకోలేదు. అతను అది నా మంచితనమనుకుని దండం పెట్టి పోయాడు.

నెల రోజులు ఎవరితోనూ చెప్పలేదు. తర్వాత ఒకరోజు చాయ్ తాగుతూ ఎదురు దుకాణం భాయికి చెప్పాను. అతను నాలాగా కోపిష్ఠి కాదు, నిదానస్థుడు. నన్ను ఓదారుస్తాడనుకున్నాను. చాయ్ పూర్తిగా తాగాడు, గ్లాసు కింద పెట్టాడు.

"నేనైతే పోతయని చెప్పి తుడుస్త. నువ్వు పోవని చెప్పి తుడిచినవు," అన్నాడు.

అతనికి నా మీద ఏ పగా లేదు. ఉన్నది ఉన్నట్టు అన్నాడంతే. ఆ సాయంత్రమే బోర్డు మీది అక్షరాలను గీకేశాను. వాటి చోట కొత్తగా రాశాను: ఫోటో చిన్నగ చెయ్యబడదు. అసలు సైజులోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. జనానికి అది అర్థం కాలేదు. పాటలు ఎందుకు తక్కువ పడుతున్నాయని అడిగి, భాయి దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. పోనీ అనుకున్నాను.

అప్పటి నుంచి పట్టుకుంది నాకు ఈ పిచ్చి. ఫోన్‌తో వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. ఫోటోను ఫోన్‌లోంచి కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం పెద్ద విద్య కాదు, చార్జింగ్ పెట్టే వైరే కంప్యూటర్‌కు తగిలించు, ఫోన్‌లో ఫోటోల డబ్బా తెరుచుకుంటుంది, లాగి ఇటు వెయ్యి, ఎట్లున్నది అట్లనే వస్తుంది. వైరు లేకపోతే కార్డు తీసి రీడర్‌లో పెట్టు, అదీ అంతే, జల్దీ అయిపోతుంది. బ్లూటూత్ ఆలస్యమైనా ఫర్వాలేదు, వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు, అది ఫోటోను పిండి రసం తీసుకుని తొక్క పంపిస్తుంది. ఒకే చోట ఉంచొద్దు, ఇంకో చోట కూడా పెట్టుకో. ఇవన్నీ కాగితం మీద రాసి జిరాక్సులు తీసి ఊరికే పంచాను కూడా. కందిపప్పు పొట్లాలు కట్టుకోవడానికి బాగా పనికొచ్చాయని ఒక ముసలమ్మ చెప్పింది.

మళ్లీ దసరా వచ్చింది, పోయింది. అతను ఆ ఏడాది కూడా చెరుకుకు పోయాడని, ఒక్కడే పోయాడని ఆ ఊరివాళ్లు చెప్పారు. పోయేముందు నా దుకాణానికి రాలేదు. వస్తే చెప్పేద్దామనుకున్నాను. రాకపోతే బాగుండనీ అనుకున్నాను. ఈ రెండో కోరికే ఎక్కువ బలంగా ఉండేదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఉగాది దాటిన తర్వాత వచ్చాడు. ఎండ మండిపోతోంది. ఎక్కడ చూసినా కొత్త రాష్ట్రం మాటే. అతను చంకలో తువ్వాలలో చుట్టిన వస్తువు ఒకటి పట్టుకుని వచ్చాడు. విప్పితే నేను కట్టించిన ఫ్రేమే. దాన్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి కొత్త ఫోన్ తీశాడు. టచ్ ఫోన్. మొహంలో సంవత్సరం కింద లేని ఉత్సాహం ఏదో ఉంది. అది చూసి నాకు భయం వేసింది.

సీజను మొత్తం సంపాదించిన పైసలు ఈ ఫోన్‌కే పెట్టాడట. కెమెరా మంచిది ఏదో అడిగి, నాలుగు దుకాణాలు తిరిగి, ఎనిమిది మెగాపిక్సెల్‌ది తీసుకున్నాడట. ఇంటికి పోగానే గోడ మీది ఈ ఫ్రేమును ఆ కెమెరాతో ఫోటో తీశాడట.

"ఈసారి వణకనియ్యలేదన్నా. కుర్చీ వేసుకోని, మోచెయ్యి బల్లకానిచ్చి, ఊపిరి బిగవట్టి తీసిన. మంచి కెమెరా గదా, ఇగ పెద్దగ చేస్తే సాఫుగ వస్తది గదా?" అన్నాడు.

అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. వాళ్ల ఊరి పిల్లలు వాట్సాప్‌లో పంపిస్తే అయిపోతుంది, ఖేడ్ దాకా ఎందుకు అన్నారట. వద్దని బస్సెక్కి వచ్చాడట. నువ్వే రాసినవు గదా వైరుతోనే ఎక్కియ్యాలని అంటూ జేబులోంచి నా జిరాక్సు కాగితం తీసి చూపించాడు. నాలుగు మడతలు. ఎవరి దగ్గర సంపాదించాడో. నేను పంచిన వాటిలో దాన్ని చదివి దాచుకున్న మనిషి బహుశా ఇతనొక్కడే.

వైరు తగిలించాను. ఇంకేం చెయ్యాలో తెలియక, ఎలా చెయ్యాలో అలాగే చేశాను. ఫోటో అసలు సైజులో కంప్యూటర్‌లోకి వచ్చింది, ఒక్క చుక్క తగ్గకుండా. తెరిచాను. ఎంత మంచి ఫోటో అంటే, గోడ మీది సున్నం పెచ్చు ఊడిన చోటు కనపడుతోంది. మేకు తుప్పు కనపడుతోంది. అద్దం మీద దుమ్ము, ఎండిన దండలోని దారం పోగు, కుంకుమ బొట్టు అంచు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. అద్దంలో ఫోన్ పట్టుకున్న అతని చెయ్యి కూడా పడింది. వేళ్ల మీద చెరుకాకు కోసిన గీతలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. అంత స్థిరంగా ఉంది ఆ చెయ్యి. వీటన్నింటి మధ్యలో ఆమె మొహం, నేను చేసిన మసక, అలాగే ఉంది.

అతను తెర మీదికి వంగి చూశాడు. పెద్దగ చెయ్యి అన్నాడు. చేశాను. ఇంకా పెద్దగ అన్నాడు. చేశాను. దుమ్ము కణాలు కూడా పెద్దవయ్యాయి.

అప్పుడు చెప్పాను. కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాను, ఎందుకో కూర్చుని చెప్పలేకపోయాను.

"తమ్మీ, నీ చెయ్యి వణకలేదు. నువ్వు మంచిగనే తీసినవు. పాటలకు జాగ కోసం నేనే అన్ని ఫోటోలు చిన్నగ చేసిన. నీకు చెప్పలేదు. మల్లా నువ్వు అడిగినప్పుడు గూడ చెప్పలేదు."

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనిపించింది. అతను స్టూలు మీద కూర్చున్నాడు. దుకాణంలోకి ఎవరో జిరాక్సుకు వచ్చి, మా ఇద్దరి మొహాలు చూసి వెళ్లిపోయారు.

"పాటలు గామెనే అడిగింది," అన్నాడు చివరికి. "మంచిగనే ఇన్నది. జరమొచ్చినంక గూడ చెవికాడ పెట్టుకునే పండుకున్నది."

అది నన్ను క్షమించడమో, తనకు తాను చెప్పుకోవడమో నాకు తెలియలేదు. ఫోన్ వైరు తనే తీసుకున్నాడు. జిరాక్సు కాగితాన్ని బల్ల మీదే వదిలేశాడు. ఫ్రేము ఎత్తుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు, కానీ నా వైపు తిరగలేదు.

"గా దినమే చెప్తే అయిపోతుండె గదన్నా. ఏడాది సంది నా చెయ్యిదే తప్పనుకుంటున్న."

గుమ్మంలో నిలబడే ఫ్రేమును మళ్లీ తువ్వాలలో చుట్టుకున్నాడు. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. అతని చెయ్యి వణకడం నేను ఆ రోజే చూశాను.